తేదీ చూసి కాదు, పురుగుని చూసి: ఊళ్లో మందుల వాడకం తగ్గించుకోవడం ఎలా

పురుగుమందు అనగానే మనకి పొలాలే గుర్తొస్తాయి. కానీ కుండీలో గులాబీకి కొట్టే స్ప్రే, సింకు కింద దాచిన బొద్దింకల డబ్బా, అపార్ట్‌మెంట్‌కి నెలనెలా పంపు భుజాన వేసుకొచ్చే పెస్ట్ కంట్రోల్ కుర్రాళ్లు, పార్కు దారుల్లో కలుపుమందు, సాయంత్రం వీధంతా కమ్మేసే దోమల పొగ, ఎలుకల బిళ్లలు, ఆఖరికి పెంపుడు కుక్క మెడ మీద వేసే పిడుదుల చుక్కల మందు దాకా అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. ఒక్కో ఇల్లు వాడేది కొంచెమే, కాదనను. కానీ ఊళ్లో ఇళ్లు పక్కపక్కనే ఉంటాయి, కిలోమీటర్ల దూరం ఎగిరే తేనెటీగ ఒక్క పూటలో అలాంటి ఇళ్లు ఎన్నో తిరిగొస్తుంది.

రైతు మందు కొట్టేముందు కనీసం ఖర్చు లెక్క చూసుకుంటాడు. ఊళ్లో అదీ ఉండదు. చాలాచోట్ల మందు పడేది పురుగు కనిపించిందని కాదు, కాంట్రాక్టులో తేదీ వచ్చిందని, లేదా డబ్బా చేతికి అందేంత దూరంలో ఉందని. అందుకే తగ్గించడం కూడా అనుకున్నంత కష్టం కాదు. ఊరికే కొట్టేది ఆపేస్తేనే బోలెడు తగ్గుతుంది, నిజంగా ఉన్న సమస్యకి మందు లేకుండా ఏం చేయొచ్చో తీరిగ్గా చూసుకోవచ్చు.

ఊళ్లో ఇంకో తిరకాసు కూడా ఉంది. మట్టి మీద పడ్డ మందు కొంత మట్టిరేణువులకి అంటుకుని, అక్కడుండే సూక్ష్మజీవుల వల్ల నెమ్మదిగా విరిగిపోతుంది. సిమెంటు మీద, టైల్స్ మీద, తారురోడ్డు మీద పడ్డదానికి ఆ అవకాశం లేదు. మొదటి వానకే కొట్టుకుపోయి వాననీటి కాలువలోకి, అక్కణ్ణించి చెరువులోకో వాగులోకో దిగిపోతుంది. ఇంటి స్ప్రేల్లో తరచూ ఉండే సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్, పర్‌మెత్రిన్ లాంటివి చేపల్నీ నీటిపురుగుల్నీ అతి తక్కువ మోతాదులోనే చంపేస్తాయి. ఆ నీటిపురుగుల్లో తూనీగ పిల్లలూ ఉంటాయి, అవి తినేది దోమ లార్వాల్ని! కాబట్టి ప్రహరీ అంచుల వెంబడి, గేటు ముందు, డ్రైనేజీ మూతల చుట్టూ మందు కొట్టించడం అన్నిటికన్నా ముందు ఆపాల్సిన పని.

మొగ్గ నిండా పురుగులు కనిపిస్తే

కుండీ మొక్కలు పెంచేవాళ్లకి ఎక్కువ టెన్షన్ పెట్టేది పేనుబంక. లేత చిగురు, మొగ్గ కాడ నిండా పచ్చగానో నల్లగానో గుంపుగా అతుక్కుని రసం పీలుస్తుంటుంది. చూడగానే డబ్బా తీయాలనిపిస్తుంది. తీయకండి. ఆ కొమ్మని వెలుతురు వైపు తిప్పి రెండు నిమిషాలు చూడండి, కళ్లజోడు ఉంటే పెట్టుకుని మరీ. పేనుబంక వదిలే తియ్యటి జిగురు కోసం చీమలు కాడ వెంట పైకీ కిందకీ తిరుగుతుంటాయి. ఆ గుంపు మధ్యలో, నల్లటి ఒంటి మీద నారింజ మచ్చలతో చిన్న మొసలిపిల్లలా పాకే పురుగు ఒకటి కనిపించొచ్చు. అసహ్యంగా ఉందని చాలామంది ముందు దాన్నే నలిపేస్తారు. అది అక్షింతల పురుగు పిల్ల. గుండ్రంగా, నిగనిగలాడుతూ, ముద్దొచ్చే అక్షింతల పురుగుకి దీనికీ పోలికే ఉండదు కాబట్టి ఎవరూ గుర్తుపట్టరు. పెద్దదయ్యేలోపు ఇది వందల పేనుబంకల్ని తినేస్తుంది.

ఆకు అడుగున వెంట్రుకంత పోగు చివర తెల్లటి గుడ్డు నిలబడి ఉంటే అది క్రైసోపా అనే పచ్చరెక్కల పురుగు పెట్టింది, దాని పిల్లలకీ పేనుబంకే తిండి. గుంపులో కొన్ని పేనుబంకలు ఉబ్బి, గట్టిపడి, గోధుమరంగుకి తిరిగి ఉంటే, కంటికి ఆననంత చిన్న కందిరీగ వాటి లోపల గుడ్లు పెట్టిందన్నమాట. కొన్నాళ్లకి ఆ పెంకులకి గుండ్రటి కంత పడుతుంది, కొత్త కందిరీగ బయటికెళ్లిన దారి అది. ఈ మూడింట్లో ఏ ఒక్కటి కనిపించినా మీ పని ఇంకొకరు చేసిపెడుతున్నట్టే, డబ్బాని లోపల పెట్టేయండి.

ఇప్పుడు స్ప్రే కొట్టారనుకోండి, రెండు రకాలూ చస్తాయి. తేడా అంతా మళ్లీ ఎవరు ముందొస్తారన్న దాంట్లో ఉంది. పేనుబంకకి చాలాకాలం మగతో పనే లేదు, ఆడవి నేరుగా పిల్లల్ని కంటాయి, ఆ పుట్టిన పిల్లల కడుపులో అప్పటికే తర్వాతి తరం తయారవుతుంటుంది. వాతావరణం వెచ్చగా ఉంటే వారం పది రోజుల్లో అవీ కనడం మొదలెడతాయి. అక్షింతల పురుగుకి గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకానే మూడు నాలుగు వారాలు పడుతుంది, పైగా తిండి లేని మొక్క వైపు అది తొంగికూడా చూడదు. అందుకే స్ప్రే కొట్టిన మొక్కకి కొన్నాళ్లకి పురుగు ఇంకా ఎక్కువగా పడుతుంది, మళ్లీ కొడతాం, మళ్లీ పడుతుంది. ఒకసారి ఈ చక్రం అర్థమైతే మందులకి పెట్టే డబ్బు చూసి ఒళ్లుమండుతుంది.

మరి చేతులు కట్టుకుని కూర్చోవాలా అంటే అక్కర్లేదు. నీటిధార చాలు చాలాసార్లు. పైపు చివర వేలు అడ్డంపెట్టి, ఆకుల అడుగుభాగానికి తగిలేలా రెండు మూడు రోజులకోసారి గట్టిగా కొట్టండి, కిందపడ్డ పేనుబంకలు చాలావరకు తిరిగి ఎక్కలేవు. మరీ పట్టేసిన చిగురుని గిల్లేయండి. చీమలు తమ తీపి కోసం అక్షింతల పురుగుల్ని తరిమేస్తాయి కాబట్టి కాడకి టేపు చుట్టి పైన కాస్త వాజిలిన్ రాస్తే అవి ఎక్కవు (కుండీ పళ్లెంలో నీళ్లు నింపి చీమల్ని ఆపే చిట్కా మాత్రం వద్దు, దోమలకి ఇల్లు కట్టిచ్చినట్టే). ఎరువు సంగతి కూడా చూసుకోండి. నత్రజని ఎక్కువైతే చిగుళ్లు మెత్తగా, రసంతో నిండి వస్తాయి, రసం పీల్చే పురుగులకి అంతకన్నా కావాల్సిందేముంది. యూరియా చెంచాలకొద్దీ వేసి, తర్వాత పురుగుకి మందు కొట్టడం చాలా బాల్కనీల్లో జరిగే పనే.

సబ్బునీళ్లు పనిచేస్తాయి, కానీ ఎలా పనిచేస్తాయో తెలుసుకుని వాడండి. లీటరు నీటికి ఒక టీస్పూను గాఢత లేని ద్రవ సబ్బు కలిపి, పురుగు ఒంటి మీద నేరుగా పడేలా కొట్టాలి, ఆరిపోయాక దానికి బలం ఉండదు. గిన్నెలు తోమే ఘాటు లిక్విడ్‌తో ఆకులు మాడొచ్చు, ముందు ఒక ఆకు మీద కొట్టి ఒకరోజు ఆగి చూడండి. పిండినల్లికీ ఇది సరిపోతుంది, లేదంటే స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచేయండి. ఒక్కటి గుర్తుంచుకోండి, సబ్బునీళ్లకి అక్షింతల పురుగు పిల్ల ఏదో పేనుబంక ఏదో తెలియదు. వేపనూనె కూడా అంతే. సహజమైనదే కదా అని వారం వారం మొక్కంతా తడిపేయకండి, విచ్చుకున్న పూల మీద అసలు వద్దు, చేపల తొట్టి పక్కన వద్దు.

ఇక ఆకులకి కంతలు. నాలుగు ఆకులు గొంగళిపురుగు తింటే ఆరోగ్యంగా ఉన్న మొక్క ఏమీ చావదు. గింజలు తినే పిచ్చుకలు కూడా గూట్లో పిల్లలకి మొదటి రోజుల్లో పెట్టేది మెత్తటి పురుగులే, గింజలు కాదు. బాల్కనీలో గింజల గిన్నె, నీళ్ల గిన్నె, అట్టపెట్టెతో గూడు అన్నీ అమర్చి, పక్కనే మొక్కల మీద గొంగళిపురుగుల్ని ఒక్కటి మిగలకుండా చంపేస్తే ఆ పిచ్చుక పిల్లల్ని ఏం పెట్టి పెంచుతుంది? మొక్క మరీ చిన్నదైతే గొంగళిపురుగుని ఆకుతో సహా తీసి వేరే మొక్క మీద పెట్టండి, అదే రకం మొక్క అయితేనే బతుకుతుంది.

నర్సరీ నుంచి కొత్త మొక్క తెచ్చేటప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఇమిడాక్లోప్రిడ్, థయామెథోక్సామ్, క్లోథియానిడిన్ అనే మందులు ఆకు మీద ఆగిపోవు, మొక్క లోపలికంతా పాకుతాయి, పుప్పొడిలోకి, మకరందంలోకి కూడా వెళ్తాయి. సీతాకోకచిలుకల కోసమని తెచ్చిన పూలమొక్కే వాటికి విషం పెట్టొచ్చన్నమాట. తేనెటీగలకి జరుగుతున్న నష్టం చూసే యూరోపియన్ యూనియన్ ఈ మూడింటినీ ఆరుబయట వాడకుండా 2018లో నిషేధించింది. వీటిలో ఏదైనా వేశారా అని అడగండి. సరైన జవాబు రాకపోతే విత్తనంతోనో, తెలిసినవాళ్ల దగ్గర తెచ్చిన కొమ్మతోనో మొదలుపెట్టడం మేలు.

దోమలు

ఇక్కడ కాస్త జాగ్రత్తగా మాట్లాడాలి. డెంగీ లాంటిది వ్యాపిస్తున్నప్పుడు ఆరోగ్యశాఖ వాళ్లు చేసే ఫాగింగ్‌ని అడ్డుకోమని ఎవరూ చెప్పరు, అలాంటి అత్యవసరానికే అది ఉంది. గొడవంతా ఏ జబ్బూ లేకపోయినా, కాలనీలో ఎవరో అడిగారని వారం వారం పొగ పెట్టించడంతోనే. ఆ పొగ చంపేది ఆ క్షణాన ఎగురుతూ దానికి తగిలిన దోమల్ని మాత్రమే. నీళ్లలో ఉన్న లార్వాలకి ఏమీ కాదు, రెండు రోజుల్లో అవి దోమలై లేస్తాయి. పొగకి తగిలిన చిమ్మటలు, తూనీగలు, చిన్న చిన్న కందిరీగలు మాత్రం అంత త్వరగా తిరిగి రావు.

డెంగీ దోమ గుడ్డు నుంచి ఎగిరే దోమ కావడానికి వేడి రోజుల్లో వారం నుంచి పది రోజులు పడుతుంది. మీ గడువు అదే. వారంలో ఒకరోజు పెట్టుకుని నీళ్లు నిలిచినవన్నీ ఒంపేయండి: కుండీ పళ్లాలు, ఫ్రిజ్ వెనక ట్రే, ఏసీ నీళ్ల బకెట్టు, మూత సరిగా పడని ట్యాంకు, పాత టైరు, మేడ మీద ఆకులు అడ్డుపడ్డ నీటి గొట్టం, పక్షులకి పెట్టిన నీళ్ల గిన్నె కూడా. ఊరికే ఒంపితే చాలదు, గిన్నె లోపలి గోడని పీచుతో రుద్దాలి. ఈ దోమ గుడ్లు నీటి అంచు దగ్గర గోడకి అతుక్కుని ఉంటాయి, ఎండిపోయినా నెలల తరబడి బతికి ఉండి, మళ్లీ నీళ్లు తగలగానే పగులుతాయి. ఒంపలేని సంపులకి, చిన్న నీటి గుంటలకి బీటీఐ బిళ్లలో పొడో వాడొచ్చు. ఇజ్రాయెల్‌లో 1976లో కనుగొన్న ఒక బాక్టీరియా అది, దోమ లార్వాల్నీ వాటికి దగ్గర జాతుల్నీ తప్ప చేపల్ని, కప్పల్ని, తేనెటీగల్ని ఏమీ చేయదు. దోమ లార్వాల్ని తింటాయని గంబూసియా చేపల్ని తెచ్చి చెరువుల్లో వదలమని సలహాలిచ్చేవాళ్లుంటారు, వినకండి. బయటి జాతి అది, కప్ప గుడ్లనీ తోకకప్పల్నీ కూడా తినేస్తుంది.

కిటికీలకి జాలీ, మంచానికి దోమతెర, కూర్చునే చోట ఫ్యాను. దోమ గాలికి ఎదురు ఎగరలేదు, మామూలు టేబుల్ ఫ్యానే మంచి కాపలా. నీలం లైటుతో టపటపమని కాల్చే యంత్రాలు మాత్రం ఆరుబయట పెట్టకండి. అమెరికాలోని డెలావేర్‌లో ఇళ్ల ముందు పెట్టిన అలాంటి యంత్రాల్లో చచ్చిన పురుగుల్ని లెక్కపెట్టి 1996లో ఫలితాలు ప్రచురించారు. మొత్తం 13,789 పురుగులు, అందులో మనిషిని కుట్టేవి 31. మిగతావన్నీ ఏ పాపం తెలియనివే.

ఎలుకల మందు తిన్న ఎలుకని తినేదెవరు

బ్రోడిఫాకమ్, బ్రోమడియోలోన్ లాంటి బిళ్లలు తిన్న ఎలుక వెంటనే చావదు. రక్తం గడ్డకట్టే గుణం పోయి, లోపలే రక్తం కారి, మూడు నాలుగు రోజులకో ఇంకాస్త ఆలస్యంగానో చస్తుంది. ఈలోపు ఇంకా ఇంకా బిళ్లలు తింటుంది, మత్తుగా, పట్టపగలు కూడా బయట తిరుగుతుంది. గుడ్లగూబకి, గద్దకి, పిల్లికి, ముంగిసకి అంతకన్నా సులువైన వేట దొరకదు. దాని ఒంట్లోని విషం వేటాడినదాని కాలేయంలో నెలల తరబడి పేరుకుంటుంది. లాస్ ఏంజిలస్ నగరం నడిబొడ్డున గ్రిఫిత్ పార్కులో ఏళ్లపాటు బతికిన పీ-22 అనే కొండసింహానికి (ప్యూమా) 2014లో ఒళ్లంతా గజ్జి పట్టి కనిపించింది, రక్తం పరీక్షిస్తే ఎలుకల మందు బయటపడింది. కాలిఫోర్నియా 2020లో చట్టం చేసి ఈ రకం మందుల్ని చాలావరకు ఆపేసింది.

ఎలుకలు ఉన్నాయంటే తిండీ దారీ రెండూ దొరుకుతున్నాయని అర్థం. చెత్తడబ్బాకి బిగుతు మూత, పెంపుడు జంతువుల తిండి రాత్రిపూట బయట ఉంచకపోవడం, పక్షుల గింజలు కింద రాలకుండా చూసుకోవడం. తర్వాత కంతలు. చుంచెలుక 6 మిల్లీమీటర్ల సందులోంచి దూరుతుంది, అంటే పెన్సిల్ పట్టే సందు చాలు. పైపులు గోడలోకి వెళ్లే చోట, తలుపు కింద, స్టీలు పీచు కూరి సిమెంటు పూయండి. మిగిలినవాటికి బోను. జిగురు అట్టలు వద్దు, అందులో ఎలుక నరకం చూస్తుంది, బల్లులూ పిట్టలూ కూడా అతుక్కుపోతాయి.

ఇంటి లోపల, గట్ల మీద

బొద్దింకలకి గాల్లోకి కొట్టే స్ప్రే కన్నా జెల్ ఎర చాలా నయం. స్ప్రే వాసనకి బొద్దింకలు పక్కింటికి పారిపోతాయి, జెల్‌ని వచ్చి తింటాయి. సింకు కింద, ఫ్రిజ్ మోటారు దగ్గర, అల్మరా మడతబందుల వెనక బియ్యపుగింజంత చుక్కలు పెడితే సరిపోతుంది. రాత్రి సింకు పొడిగా తుడవడం, కారే కుళాయి బాగుచేయించడం కూడా ఇందులో భాగమే, తిండి లేకపోయినా కొన్నాళ్లు నెట్టుకొస్తుంది గానీ నీళ్లు లేకపోతే బొద్దింక ఎక్కువ రోజులు ఉండదు.

కలుపు సంగతి త్వరగా తేలిపోతుంది. రాళ్ల సందుల్లో మొలిచినదాని మీద మరిగే నీళ్లు పోయండి, వాన పడ్డ మర్నాడు మట్టి మెత్తగా ఉన్నప్పుడు వేళ్లతో సహా పీకండి, పాదుల్లో ఎండుటాకులు రెండు మూడు అంగుళాల మందాన పరవండి. ఉప్పు, వెనిగర్ పోయమనే వీడియోలు నమ్మకండి, ఉప్పు మట్టిలో ఉండిపోయి తర్వాత ఏదీ మొలవనివ్వదు. గోడ వారగా పూసే గడ్డిచామంతి లాంటివాటిని అసలు పీకాలా అన్నది కూడా ఒకసారి ఆలోచించండి, వాటి మీద వాలే చిన్న సీతాకోకచిలుకలకి చుట్టుపక్కల వేరే పూలు ఉండకపోవచ్చు.

ఇల్లు దాటి

మీరొక్కరే మానేసి, అపార్ట్‌మెంట్ కాంట్రాక్టు అలాగే నడుస్తుంటే పెద్దగా ఫలితం ఉండదు. అసోసియేషన్ మీటింగులో "మందులు ఆపేద్దాం" అంటే గొడవే, నాకు బొద్దింకలొస్తే మీరొస్తారా అంటారు. దానికి బదులు కాంట్రాక్టు మార్చమని అడగండి. నెలనెలా వచ్చి స్ప్రే కొట్టే బదులు నెలనెలా వచ్చి చూడమనండి. చెత్తగది, లిఫ్టు గుంట, పార్కింగు దగ్గర బొద్దింకల్లాంటి పురుగుల కోసం జిగురు ఎరలు మూతపెట్టెల్లో పెట్టి, ఏం పడ్డాయో రాసుకుని, పురుగు ఉన్నచోటే మందు పెట్టాలి, అదీ ముందు జెల్. ఏ మందు, ఎక్కడ, ఎందుకు కొట్టారో నోటీసు బోర్డు మీద పెట్టాలి. డబ్బు అంతే అవుతుంది కాబట్టి ఎవరూ పెద్దగా అడ్డం చెప్పరు, కాగితం మీద కారణం రాయాల్సి వచ్చేసరికి సగం స్ప్రేలు వాటంతట అవే ఆగిపోతాయి.

పార్కుల విషయం నగరపాలక సంస్థ చేతిలో ఉంటుంది, అడిగితే మారదు అనుకోకండి. కెనడాలో హడ్సన్ అనే చిన్న పట్టణం 1991లోనే పచ్చికల, తోటల అందం కోసం వాడే పురుగుమందుల్ని ఆపేస్తూ నిబంధన పెట్టింది, కంపెనీలు కోర్టుకెళ్తే 2001లో ఆ దేశ సుప్రీంకోర్టు పట్టణం వైపే తీర్పిచ్చింది. ఫ్రాన్స్ 2017 నుంచి ప్రభుత్వ పార్కుల్లో రసాయన మందుల్ని, 2019 నుంచి ఇంటి తోటల్లో కూడా ఆపేసింది. మీరు అంత దూరం వెళ్లక్కర్లేదు. మీ వార్డు పార్కులో పిల్లలు ఆడుకునే చోట, చెరువు గట్టు మీద కలుపుమందు వద్దని, ఎక్కడైనా కొడితే ముందురోజు బోర్డు పెట్టాలని పదిమంది సంతకాలతో ఒక కాగితం ఇవ్వండి చాలు.

ఇన్ని చేసినా మందు తప్పని రోజు ఒకటి రావచ్చు, చెదలు కావొచ్చు, ఇంకేదైనా కావొచ్చు. అప్పుడు సమస్య ఉన్న ఆ ఒక్క చోటే వాడండి. బయట అయితే గాలి లేని సాయంత్రం, తేనెటీగలు గూటికి చేరాక, పూలు తెరిచి లేనప్పుడు, వాన సూచన లేనప్పుడు. లేబుల్ మీద రాసినదానికన్నా ఒక చుక్క ఎక్కువ వేసినా లాభం ఏమీ ఉండదు. పిల్లి ఉన్న ఇంట్లో కుక్కల కోసం చేసిన పర్‌మెత్రిన్ చుక్కల మందు జోలికి పోవద్దు, పిల్లులకి అది ప్రాణాంతకం. కుక్కకైనా ఆ మందు నెలనెలా అలవాటుగా వేయకుండా పశువైద్యుణ్ణి అడిగి అవసరమైనప్పుడే వేయండి, వేసిన కొన్ని రోజులదాకా చెరువులో ఈదనివ్వకండి, దువ్వగా వచ్చిన బొచ్చు బయట పడేయకండి, పిట్టలు దాన్ని ఏరుకెళ్లి గూట్లో పరుచుకుంటాయి.

మిగిలిపోయిన డబ్బాలున్నాయి కదా, వాటిని సింకులోనో టాయిలెట్‌లోనో పోయొద్దు, మురుగునీటి శుద్ధిలో ఈ మందులు పూర్తిగా పోవు, మిగిలినది నదిలోకి వెళ్తుంది. వేరే సీసాలోకి మార్చకుండా, లేబుల్ ఉన్న అసలు డబ్బాలోనే మూత బిగించి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోట అప్పగించండి. అప్పటిదాకా పిల్లలకి అందని ఎత్తులో పెట్టండి, వీలైతే మీ చేతికీ అంత తేలిగ్గా అందని చోట.